పేజీ తిప్పమన్న దీపం

రేడియో బాబాయి కొట్టు మెట్ల మీద, ఒక చేతిలో పాత క్యాసెట్టు, రెండో చేతిలో తెగిన చెప్పుతో నిలబడి ఉన్న చిలక దగ్గర పోయినసారి ఆగాం. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. చిలక బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగిని. నలభై నిండాయి. పుట్టుకతో వినపడని అమ్మానాన్నలకు పుట్టిన, వినపడే ఒక్కగానొక్క కూతురు. ఇద్దరి బదులూ తనే వాగుతుందని వాడకట్టంతా కలిసి పెట్టిన పేరు చిలక. ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేసే నాన్న పోయి ఆరేళ్ళయింది. నిన్న ఆయన పెట్టె సర్దుతుంటే, చిన్నప్పుడు రోజూ విన్న కథల క్యాసెట్టు దొరికింది. అందులో కథలు చెప్పే ఆడగొంతు, తన కొట్టు మేడ మీద ఒకప్పుడు అద్దెకున్న టీచరమ్మదని, వాడకట్టులో రేడియోలు బాగుచేసే రేడియో బాబాయి ఎప్పుడూ చెప్పేవాడు. ఈసారి కథ అయిపోయాక కూడా చిలక టేపు ఆపలేదు. చాలాసేపు గరగరలాడాక ఒక మగగొంతు, "ఇక చాలు పెద్దక్కా, గొంతు బొంగురుపోతోంది" అంది. ఆ మగగొంతు రేడియో బాబాయిది.

కొట్టు సగం ఖాళీ అయి ఉంది. పెద్ద రేడియోలన్నీ ఎవరెవరో పట్టుకుపోగా గోడ మీద వాటి ఆకారాలు మాత్రం తెల్లగా మిగిలాయి. టంకం వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. బాబాయి ముక్కు చివరకు జారిన కళ్ళద్దాలతో ఏదో తీగ గీకుతున్నాడు.

"బాబాయ్, ఆ టీచరమ్మ ఏ బడిలో చెప్పేది?" అంది చిలక, కూర్చోకుండానే.

"ఏ టీచరమ్మ?"

"చూశావా! నీకే గుర్తు లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి బాబాయ్, నాన్న బైండింగు చేసినట్టు."

బాబాయి తీగ కింద పెట్టాడు. క్యాసెట్టు వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అంత తుడిచినా వాటి మీద మరక అలాగే ఉంది.

"మీ అమ్మకి చెప్పావా?"

"ముందు నాకు చెప్పు."

"మీ పెద్దమ్మ" అన్నాడు.

చిలక అక్కడున్న చెక్కపెట్టె మీద కూలబడింది. పెద్దమ్మ అనే మాట వాళ్ళింట్లో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాడకంలో లేదు. నోటితో సరే, చేతులతో కూడా లేదు. ఎందుకు లేదో మాత్రం చిలకకు తెలుసు. తనకు రెండేళ్ళు నిండినా ఒక్క మాటా రాలేదు. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టేది. నాన్న వచ్చాడంటే నుదుటి మీద టోపీ గీసేది. అది చూసి పెద్దమ్మ ఒకరోజు బట్టల సంచి పట్టుకుని వచ్చింది. బడికి వెళ్ళే ఈడు దాకా పిల్లను నాకివ్వండి, మా ఇంట్లో మాటలు వస్తాయి అంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు పెద్దమ్మ ఆయన భుజం మీదుగా చెల్లెల్ని చూస్తూ, "మూగదాన్ని మూగదానిలాగే పెంచుకుంటావా?" అంది. అమ్మ ఆ పెదవులు చదివింది. తలుపు వేసేసింది. ఆ తర్వాత అక్కను పెళ్ళిళ్ళలో చూసినా, చావుల దగ్గర చూసినా చూపు తిప్పేసుకునేది.

"ఆవిడా? ఆవిడ నాకు కథలు చెప్పిందా?"

"ముందు నేనే చెప్పాను" అన్నాడు బాబాయి. "మీ నాన్న ఒకరోజు నా దగ్గరికొచ్చి చీటీ రాశాడు. ప్రెస్సులో కత్తిరించగా మిగిలిన సన్నటి కాగితం ముక్కలు ఉండేవి కదా ఆయన జేబునిండా. 'పాపకు మాట కావాలి. మా ఇంట్లో లేదు. చేసిపెట్టగలవా?' అని రాశాడు. రేడియోలు బాగుచేసేవాణ్ణి మాటలు చేసిపెట్టమన్న మొనగాడు ఆయనొక్కడే. కాదనబుద్ధి కాలేదు."

బాబాయి అలా చేసిపెట్టిన టేపు పెట్టె ఎలా పనిచేసేదో చిలకకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. క్యాసెట్టులో రెండు దారులు. ఒక దారిలో గొంతు. రెండో దారిలో, పేజీ తిప్పాల్సిన చోటల్లా చిన్న కూత. ఆ కూత స్పీకరుకు పోదు, పెట్టె మీదున్న పసుపుపచ్చ బల్బుకు పోతుంది. బల్బు వెలిగిందంటే పేజీ తిప్పాలి. పుస్తకం కూడా నాన్న కట్టిందే. అక్షరాలు పడకుండా పాడైపోయి ప్రెస్సులో పారేసిన రంగుల బొమ్మల కాగితాలు ఏరి, జిగురు పెట్టి, గట్టి అట్ట వేశాడు. ఒక్క అక్షరం లేని పుస్తకం.

సాయంత్రం పని నుంచి రాగానే చేతులకంటిన జిగురు కడుక్కుని నాన్న కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒళ్ళో చిలక, చిలక ఒళ్ళో పుస్తకం. ఒక అరచేయి పెట్టె మీద వేసి ఉంచేవాడు, గొంతు నడుస్తోందో లేదో తెలియడానికి. గొంతు 'ఏనుగు' అనే సమయానికి, బొమ్మ చూసి, ఆయన రెండో చేయి తొండమయ్యేది. గొంతు 'వాన' అంటే వేళ్ళు చినుకులయ్యేవి. దీపం వెలగ్గానే పేజీ తిప్పి, ఎలా ఉంది నా పనితనం అన్నట్టు కూతురి మొహంలోకి వంగి చూసేవాడు. ఏనుగు కథలో ఆరో పేజీ దగ్గర చిలక విరగబడి నవ్వేది. ఆయన అయిదో పేజీ నుంచే నవ్వడం మొదలుపెట్టేవాడు. ఆయన నవ్వు చిలకకు వినపడేది కాదు, వీపుకు తగిలేది.

"నా గొంతు వినగానే నువ్వు గుక్కపట్టి ఏడ్చావ్" అన్నాడు బాబాయి. "మీ నాన్న మర్నాడే ఇంకో చీటీ తెచ్చాడు, 'ఆడగొంతు దొరుకుతుందా?' అని. నా గొంతుకి ఇంతకన్నా అవమానం జరగలేదు. ఆ వారంలోనే మీ పెద్దమ్మ ఏదో రేడియో బాగుచేయించుకోడానికి వచ్చింది. బల్ల మీద ఆ బొమ్మల పుస్తకం చూసి ఇదేంటని అడిగింది. చెప్పాను. విని, ఆ పుస్తకం ఇలా ఇవ్వు అంది."

"అక్షరాలు లేవుగా."

"బొమ్మలు చూసి అక్కడికక్కడ కల్పించి చెప్పింది. వెనక గదిలో, వీధి మోత రాకుండా కిటికీకి పరుపు అడ్డం పెట్టి రికార్డు చేసేవాళ్ళం. పదకొండు క్యాసెట్లు. తన గొంతని తెలిస్తే చెల్లెలు పెట్టె తీసుకెళ్ళి వీధిలో పారేస్తుందని నాతో ఒట్టు వేయించుకుంది."

"నాన్నకి కూడా తెలీదా?"

బాబాయి తల గోక్కున్నాడు. "ఒకసారి ఆవిడ వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతుంటే మీ నాన్న ముందు గుమ్మంలోంచి వచ్చాడు. చూశాడు. తాపీగా జేబులోంచి చీటీ తీసి రాశాడు, 'నేను చూడలేదు' అని."

చిలకకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాన్న అలాంటివాడే.

"ఇన్నేళ్ళు దాచి, నిన్న టేపు దొరికిందని ఇప్పుడెందుకు చెప్పావ్? ఇంకో టీచరమ్మని పుట్టించొచ్చుగా?"

"ఓపిక లేదమ్మాయ్. ఇంకోటీ ఉంది." బాబాయి గొంతు తగ్గింది. "నీకు బస్టాండులో ఉద్యోగం వచ్చినప్పటినుంచి ఆవిడ గురువారం గురువారం అక్కడికొచ్చేది. ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. మూడో బెంచీ మీద కూర్చుని నీ గొంతు విని పోయేది. ఎవరైనా అడిగితే బస్సు తప్పిపోయిందనేది. పదహారేళ్ళు తప్పిపోయింది ఆ బస్సు. రెండేళ్ళ కిందట ఒకరోజు నా దగ్గరికొచ్చి, బస్టాండులో మైకు పాడైంది, వెళ్ళి బాగుచెయ్యి, పిల్ల గొంతు సరిగా రావట్లేదు అంది. వెళ్ళి చూశాను. మైకు భేషుగ్గా ఉంది."

అర్థం కావడానికి చిలకకు రెండు క్షణాలు పట్టింది.

"ఇప్పుడు బొత్తిగా వినపడదు" అన్నాడు బాబాయి. "డాక్టరిచ్చిన చెవి మిషను సొరుగులో పడేసింది, దాంట్లో అంతా గోలేనట. చీటీ రాసిస్తే చూడకుండా తోసేస్తుంది. ఇంట్లోవాళ్ళతో సహా ఎవరితోనూ మాట్లాడదు. అన్నం కూడా సగానికి సగం మానేసింది. వినపడకపోతే మనిషి బతికినట్టా అని ఒకసారి అంది నాతో. అదే ఆఖరు."

*

ఇంటికొచ్చేసరికి అమ్మ కుట్టుమిషను ముందు ఉంది. చిలక గుమ్మంలోనే స్విచ్చు రెండుసార్లు నొక్కింది. వాళ్ళింట్లో పిలుపంటే అదే. దీపం మినుకుమనగానే అమ్మ తల తిప్పి, కూతురి మొహం చూసి, చక్రం మీద అరచేయి వేసి ఆపేసింది.

చిలక దాచలేదు. టేపులో గొంతు ఎవరిదో చేతులతో చెప్పేసింది. 'పెద్దమ్మ' అనడానికి వాళ్ళింట్లో గుర్తు లేదు కాబట్టి, 'నీ అక్క' అంది.

అమ్మ మొహం మాడిపోయింది. "ఎవరు చెప్పారు?"

"రేడియో బాబాయి."

"మీ నాన్నకి తెలుసా?"

"తెలుసు."

అమ్మ కళ్ళు మూసుకుంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు. కళ్ళు మూసుకుంటే చాలు, ఎదుటివాళ్ళ మాట ఉన్నచోటే ఆగిపోతుంది. నాన్న బతికున్న రోజుల్లో ఇద్దరికీ పోట్లాట వస్తే, అమ్మ కళ్ళు తెరిచేదాకా ఆయన ఎదురుగా కూర్చుని చేతులు సిద్ధంగా పట్టుకుని ఉండేవాడు. ఒకసారి అలాగే నిద్రపోయాడు కూడా.

చిలక కూడా ఎదురుగా కూర్చుంది. కాసేపయ్యాక ఇంట్లో ఉన్న టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టింది. తన ఫోను తీసి, మాటలు వింటూ అక్షరాలుగా రాసే బొమ్మ నొక్కి, అమ్మ అరచేతిలో పెట్టింది. టేపు నడవడం మొదలైంది. కొత్త వాక్యం వచ్చినప్పుడల్లా ఫోను సన్నగా వణికేది. నాలుగోసారి వణికాక అమ్మ ఒక కన్ను తెరిచింది.

తెరమీద అక్షరాలు పాకుతున్నాయి. పాత టేపు కావడంతో ఫోను 'చీమ'ను 'సీమ' అనీ, 'తొండం'ను 'తొందర' అనీ రాస్తోంది. అమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట వంటగది గుమ్మంలోంచి రోజూ చూసిన కథ, మొదటిసారి మాటలతో సహా ఆమె ముందుకు వచ్చింది.

'ఏనుగు చెప్పుల కొట్టుకు వెళ్ళింది. ముందు కాళ్ళకు ఒక జత ఇవ్వవయ్యా చాలు అంది. మరి వెనక కాళ్ళకో అన్నాడు కొట్టువాడు. అవి నాకు కనపడవుగా, వాటికెందుకు అంది ఏనుగు.'

అమ్మ భుజాలు కదిలాయి. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆగలేక ఫోను ఒళ్ళో పడేసి నవ్వింది.

"ఇదా! ఇందుకా నువ్వు అంత నవ్వేదానివి! నువ్వు చేతులతో చెప్పినప్పుడు, పాపం ఏనుగుకి వెనక కాళ్ళు విరిగిపోయాయేమో అనుకున్నాను. పిల్లకి జాలి లేకుండా పోతోందని మీ నాన్నతో కూడా అన్నాను."

"నాన్న ఏమన్నాడు?"

"ఆయనకి మాత్రం ఏం తెలుసు? నువ్వు నవ్వుతావని నవ్వేవాడు."

ఫోను మళ్ళీ వణికింది. కథ అయిపోయింది. ప్రతి కథ చివరా వచ్చే ఆ మాటలు చిలకకు కంఠతా వచ్చు. అమ్మకు మాత్రం అవి కొత్త. వేలు తెరమీద ఆగి ఆగి నడిచింది.

'కథ అయిపోయింది బంగారూ. ఇప్పుడు అమ్మ దగ్గరికెళ్ళు. ఈ కథంతా అమ్మకి నీ చేతులతో చెప్పు. ఒక్క ముక్క కూడా వదలకు. అమ్మకి అన్నీ తెలియాలి.'

అమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదివి ఫోను బోర్లా పెట్టింది. ఆమె చేతులు చాలా మెల్లగా లేచాయి.

"రోజూ కథ అవగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేదానివి. పొయ్యి దగ్గరున్నా, మిషను దగ్గరున్నా నా గడ్డం పట్టుకుని నీవైపు తిప్పుకుని చెప్పేదానివి. నీకు మాటలొచ్చాక నన్ను వదిలేసి వాటితోనే పోతావని ఎంత భయపడ్డానో. నువ్వు వస్తుంటే, పోలేదు, ఇంకా నాదే అనుకునేదాన్ని. నీ అంతట నువ్వే వస్తున్నావనుకున్నాను."

చేతులతో మాట్లాడటంలో ఒక మేలుంది, గొంతు పూడుకుపోయినా మాట ఆగదు.

"మొదటిరోజు ఆవిడ చెప్పిందని వచ్చానేమో అమ్మా. తర్వాత నువ్వు నవ్వుతావని వచ్చాను."

అమ్మ కూతురి చెంప మీద చిన్నగా ఒకటి వేసింది. కళ్ళు తుడుచుకుంది. మిషనులో ఇరుక్కున్న గుడ్డ తీసి మడతపెట్టింది. తర్వాత ఇంకా ఏదో ఉందని కూతురి మొహంలో చదివినట్టు, "ఇంకేం చెప్పాడు?" అంది.

చిలక మిగతాది చెప్పింది. మూడో బెంచీ, తప్పిపోయిన బస్సు, పాడవని మైకు, సొరుగులో పడేసిన చెవి మిషను. అమ్మ జాలి పడుతుందనుకుంది, లేదా తగినశాస్తి జరిగిందంటుందనుకుంది. అమ్మ రెండూ చెయ్యలేదు. ఏదో సరుకుల జాబితా అడిగినట్టు వరసగా అడిగింది.

"గుమ్మం దగ్గర పిలుపు దీపం పెట్టారా?"

"తెలీదు."

"కుర్చీ తలుపు వైపుకుందా, గోడ వైపుకుందా?"

"నాకెలా తెలుస్తుందమ్మా?"

"గోడ వైపే వేసి ఉంటారు. వెనకనుంచి ఎవరో వచ్చి భుజం ముట్టుకుంటే గుండె ఆగినంత పనవుతుంది. రోజుకి పదిసార్లు అలా అయితే అన్నం ఎలా సయిస్తుంది? వినపడేవాళ్ళకి ఇవేం తెలుస్తాయి!" అమ్మ లేచి చేతిసంచి తీసుకుంది. "చెప్పులు వేసుకో."

"తెగిపోయాయి."

"నావి ఇంకో జత ఉంది, వేసుకో. పద."

*

పెద్దమ్మ ఇల్లు రెండు బస్సులు మారితే వస్తుంది. ఒక మేడ కింది భాగంలో, సన్నటి వరండా చివర నీలంరంగు తలుపు. పొద్దు వాలుతోంది. చిలక తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. అరచేత్తో బాదింది. ఇంట్లో మిగతావాళ్ళెవరూ ఉన్నట్టు లేదు.

అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, నవ్వింది. "వినపడనివాళ్ళ తలుపు తట్టే తెలివి నీకెక్కడిది? మా ఇంట్లోనే పెరిగావా నువ్వు?"

పక్కనున్న కిటికీలోంచి తొంగిచూసింది. లోపల, అనుకున్నట్టే, ఒక కుర్చీ గోడకు ఎదురుగా ఉంది. అందులో నెరిసిన తల, ఒక పక్కకు వాలిన సన్నటి మెడ కనిపించాయి. అమ్మ సంచిలోంచి బొట్టుపెట్టుకునే చిన్న అద్దం తీసి, వాలుతున్న ఎండకు పట్టింది. గోడమీద ఒక వెలుగు చుక్క పడింది. అద్దం మెల్లగా కదిపింది. చుక్క పైకీ కిందకీ, మళ్ళీ పైకి పాకింది, చిన్నపిల్లలు ఆడుకున్నట్టు.

నెరిసిన తల కదిలింది. చుక్కను చూసింది. అది ఎక్కడినుంచి వస్తోందా అని మెల్లగా వెనక్కి తిరిగింది.

గడియ తీసిన చప్పుడు చిలక ఒక్కతికే వినపడింది. తలుపు జానెడు తెరుచుకుంది. పెద్దమ్మ తలుపు అంచు పట్టుకుని నిలబడింది. అమ్మను చూసింది, అలాగే చూస్తూ ఉండిపోయింది. అమ్మ చేతులు ఛాతీ దాకా లేచి ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట ఏదో వాటికి తోచినట్టు లేదు.

మొదట కదిలింది పెద్దమ్మ చేయి. కుడిచేతి రెండు వేళ్ళతో తన ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని, వదిలి, ఆ వేళ్ళను పెదవులకు ఆనించింది.

చిలక తెల్లబోయింది. పెద్దమ్మకు చేతుల మాట వచ్చని ఎవరూ చెప్పలేదు. మాటలకన్నా ముందు చేతులు నేర్చిన తనకు కూడా ఆ గుర్తు తెలియదు. ఎక్కడా చూడలేదు. అమ్మ వైపు తిరిగేసరికి, అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. వరండా గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏమందమ్మా? ఏమంది?"

అమ్మ చేతులు కదిపింది, అక్క మొహం మీదనుంచి చూపు తియ్యకుండానే.

"అది మా ఇద్దరి గుర్తు. నాకు నాలుగేళ్ళు, దానికి పన్నెండు ఉన్నప్పుడు మేమే పెట్టుకున్నాం. ఒక్కటంటే ఒక్కసారే వాడాం. ఆ రోజు ఏం జరిగిందో మీ నాన్నకి కూడా చెప్పలేదు నేను."

పెద్దమ్మ పక్కకు జరిగి, తలుపు పూర్తిగా తెరిచింది. ఆ రోజు ఏం జరిగిందో వచ్చేసారి చెప్పుకుందాం.